పురుగుకి వదిలిన వాటా

మా పక్క ఊరి పేరుతో ఒక పురుగు ఉంది.

నేనుండేది ఫ్రీమాంట్‌లో. ఇక్కణ్ణించి దక్షిణంగా ఓ అరగంట కారులో పోతే శాన్ హోసే. ఆ పేరు వినగానే మనవాళ్ళకి సాఫ్ట్‌వేర్ కంపెనీలు గుర్తొస్తాయి. కాశ్మీరులోనో హిమాచల్‌లోనో ఆపిల్ తోటలున్న రైతుకి మాత్రం గుర్తొచ్చేది శాన్ హోసే పొలుసు పురుగు. గుండుసూది తలకాయంత ఉంటుంది. కొమ్మకి అతుక్కుపోయి, మైనంతో ఒక పొలుసు కట్టుకుని, దాని కింద కూర్చుని రసం పీలుస్తుంది. ఒకటీ రెండూ ఉంటే కంటికి ఆనవు. లక్షల్లో చేరితే కొమ్మంతా బూడిద పూసినట్టయి, చెట్టే ఎండిపోతుంది.

ఈ పురుగుకి చరిత్రలో ఒక చోటుంది. మనుషులు కొట్టిన మందుకి లొంగడం మానేసిందని ఒక శాస్త్రజ్ఞుడు మొట్టమొదటిసారి కాగితం మీద పెట్టింది దీని గురించే. అది 1914. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకి మా గుంటూరు జిల్లా పత్తి చేలల్లో అదే కథ మళ్ళీ జరిగింది. చేలు వేరు, పురుగు వేరు, మందు వేరు. కథ మాత్రం అదే. ఈసారి దానికి మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఫ్రీమాంట్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది ఒకప్పుడు తోటల ఊరంటే నమ్మబుద్ధి కాదు. అసలు ఫ్రీమాంట్ అనే ఊరే 1956 దాకా లేదు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు చిన్న ఊళ్ళు కలిసి ఆ ఏడాది ఒక నగరమయ్యాయి. ఇవాళ టెస్లా కార్ల ఫ్యాక్టరీ ఉన్న వైపు, మన గుళ్ళూ కిరాణా కొట్లూ ఉన్న వైపు అప్పట్లో ఆప్రికాట్ తోటలూ కూరగాయల మళ్ళూ ఉండేవి. నైల్స్‌లో జాన్ రాక్ అనే ఆయన 1884లో కాలిఫోర్నియా నర్సరీ కంపెనీని తెచ్చిపెట్టాడు. పండ్ల మొక్కల్ని దేశమంతా పంపిన పెద్ద నర్సరీల్లో అదొకటి. దాని మిగిలిన ముక్క ఇప్పుడు పార్కుగా ఉంది. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. ఇక్కణ్ణించి శాంతాక్లారా లోయ చివరిదాకా వసంతంలో ఎటు చూసినా పూతే ఉండేదని పాత ఫోటోలు చెప్తాయి.

ఆ తోటల్లోకి 1870 ప్రాంతంలో ఈ పొలుసు పురుగు వచ్చింది. శాన్ హోసేలో జేమ్స్ లిక్ అనే ధనవంతుడుండేవాడు. మౌంట్ హామిల్టన్ కొండ మీది లిక్ అబ్జర్వేటరీ ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టిందే. ఆయన సమాధి కూడా అక్కడి పెద్ద దుర్భిణి కిందే ఉంది. ఆయనకి దేశదేశాల చెట్లు తెచ్చి నాటే సరదా. చైనా నుంచి ఆయన తెప్పించిన మొక్కలతో పాటే పురుగు దిగిందని చాలామంది నమ్మకం. 1880లో జాన్ హెన్రీ కామ్‌స్టాక్ అనే కీటక శాస్త్రజ్ఞుడు దీన్ని ఇక్కడి తోటల్లో చూశాడు. మరుసటి ఏడాది శాస్త్రీయంగా వర్ణించి, పేరు పెట్టాడు. ఆ లాటిన్ పేరుకి అర్థం 'మహా వినాశకారి' అని. తను చూసిన పొలుసు పురుగులన్నింటిలోకీ చెడ్డది ఇదేనని ఆయన అభిప్రాయం. ఊరి పేరు జనం తగిలించారు. పురుగు సొంత దేశం చైనా అని చార్లెస్ మార్లట్ అనే మరో శాస్త్రజ్ఞుడు 1901-02లో అక్కడిదాకా వెళ్ళి తేల్చాడు గానీ, అప్పటికి శాన్ హోసే పేరు స్థిరపడిపోయింది.

ఆడ పురుగుకి రెక్కలుండవు. పిల్లగా ఉన్నప్పుడు కొద్ది గంటలు అటూ ఇటూ పాకి, ఒకచోట ముక్కు గుచ్చిందంటే మరి కదలదు. ఇంత కదలని పురుగు ఖండమంతా ఎలా పాకింది? మనమే మోసుకెళ్ళాం. 1886-87లో కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీ నర్సరీలకి వెళ్ళిన ప్లమ్ మొక్కల మీద అది తూర్పు తీరానికి చేరింది. అక్కడి నర్సరీలు దాన్ని తెలియకుండానే చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ అమ్మాయి. 1893లో వర్జీనియాలో కనబడేసరికి ప్రభుత్వం ఉలిక్కిపడింది. 1898లో జర్మనీ అమెరికా మొక్కల్నీ తాజా పండ్లనీ రానివ్వనంది. చివరికి 1912లో అమెరికా మొక్కల క్వారంటైన్ చట్టం చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో మన అమ్మలు సూట్‌కేసులో దాచి తెచ్చిన పచ్చి కరివేపాకుని అధికారులు తీసి చెత్తబుట్టలో వేసినప్పుడల్లా మనం విసుక్కుంటాం. ఆ తనిఖీ తాతముత్తాతల్లో ఈ పొలుసు పురుగు ఒకటి.

ఇక మందు సంగతి. గొర్రెలకి గజ్జి పట్టకుండా గంధకం, సున్నం కలిపి మరిగించిన నీళ్ళలో ముంచడం కాలిఫోర్నియాలో మామూలే. ఆ నీళ్ళనే చెట్లకి కొట్టి చూస్తే పొలుసు పురుగు చచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా గంధకం-సున్నం ద్రావణం పశ్చిమ రాష్ట్రాల తోటల్లో తప్పనిసరి మందయింది. ఏటా శీతాకాలంలో ఆకు రాలాక చెట్టంతా తడిసేలా కొట్టడం ఆనవాయితీ.

కొన్నేళ్ళు గడిచాక, వాషింగ్టన్ రాష్ట్రంలో కొన్ని తోటల్లో అది పనిచేయడం మానేసింది. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే అనుమానాలు మూడు: మందు మంచిది కాదు, సరిగ్గా కలపలేదు, సరిగ్గా కొట్టలేదు. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఉన్న ఆక్సెల్ మెలాండర్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఆ అనుమానాలన్నీ పరీక్షించి చూశాడు. ఒకే మందుని ఒకే మోతాదులో వేరువేరు ఊళ్ళ తోటల్లో కొట్టించాడు. కొన్ని ఊళ్ళలో పురుగు పూర్తిగా చచ్చింది. క్లార్క్‌స్టన్ అనే చోట బతికింది. తేడా మందులో లేదు, పురుగులోనే ఉంది. 1914లో ఆయన రాసిన వ్యాసం పేరే ఒక ప్రశ్న: పురుగులు మందులకి అలవాటు పడి తట్టుకోగలవా?

'అలవాటు పడటం' అన్న మాటతోనే చిక్కు. రోజూ కాస్త కాస్త తాగి తాగుబోతు అలవాటు పడ్డట్టు ఏ పురుగూ మందుకి అలవాటు పడదు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసినవి. ఒక చేలో లక్ష పురుగులున్నాయనుకోండి. వాటిలో వందకి మాత్రం పుట్టుకతోనే మందుని తట్టుకునే గుణముంది. అంటే వెయ్యికి ఒకటి. మందు కొట్టాం. మామూలు పురుగుల్లో నూటికి తొంభై తొమ్మిది చచ్చాయి. రైతుకి చేను శుభ్రంగా కనబడింది. మిగిలినవెన్ని? మామూలువి సుమారు వెయ్యి, తట్టుకునేవి వంద. వెయ్యికి ఒకటి ఉన్నది ఇప్పుడు పదకొండుకి ఒకటయింది. ఇంకోసారి కొట్టాం. మామూలువి పది, తట్టుకునేవి వంద. చేను ఇంకా శుభ్రంగానే ఉంది. కానీ ఆ నూటపది పిల్లల్ని పెట్టాక ఆ చేనుని ఆ మందు కాపాడలేదు. ఏ పురుగూ మారలేదు. జాతిలో వాటాలు మారాయి. మనం ఎద్దుల్లో మేలు జాతిని ఏరి పెంచినట్టే, మందుతో పురుగుల్ని ఏరి పెంచాం. ఎంత శుభ్రంగా చంపితే అంత శుభ్రంగా ఏరినట్టు.

ఇప్పుడు అదే చేలో అయిదో వంతు మందు కొట్టకుండా వదిలేశామనుకోండి. అక్కడి ఇరవై వేల పురుగులూ బతికాయి. అన్నీ కలుపుకుంటే తట్టుకునేవి రెండొందలకి ఒకటి. పదకొండుకి ఒకటి ఎక్కడ, రెండొందలకి ఒకటి ఎక్కడ! పైగా తట్టుకునే పురుగుకి జతగా దొరికేది దాదాపు ఎప్పుడూ మామూలు పురుగే. ఆ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే బయటపడే రకమైతే, ఆ జంట పిల్లలు మళ్ళీ మందుకి లొంగుతాయి.

మెలాండర్‌కి ఈ సంగతి అప్పుడే తట్టింది. మెండెల్ సూత్రాలు మళ్ళీ వెలుగులోకొచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళే. మందుకి లొంగే పురుగుల్ని పనిగట్టుకుని చెట్ల మీద బతకనిస్తే మంచిదేమో అన్న ఆలోచన ఆయన చేశాడు. పురుగుని పెంచమని చెప్తే ఏ తోట యజమాని వింటాడు? ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత డీడీటీ వచ్చింది. దాని సంగతి కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ వచ్చేనాటికే యూరపులో ఇంటి ఈగలు డీడీటీని లెక్కచేయడం మానేశాయి. ఇవాళ ఏదో ఒక మందుని తట్టుకునే కీటకాల, నల్లుల జాతులు ప్రపంచంలో 600 దాకా లెక్కకొచ్చాయి.

ఇక మా గుంటూరు.

1970లలో హైబ్రిడ్ పత్తి, పొడుగు పింజ రకాలు వచ్చాక గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పత్తికి పుట్టిల్లయింది. పత్తికి డబ్బొచ్చింది. ఆ డబ్బుతో పాటు పురుగూ వచ్చింది. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు బజార్లోకొచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్, డెల్టామెత్రిన్ లాంటివి. చేమంతి జాతి పువ్వులో ఉండే విషానికి ఫ్యాక్టరీలో చేసిన నకళ్ళు ఇవి. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు కింద రాలి ఉండేది. మా ఊరు నరసరావుపేట వైపు. మా పెదనాన్న ఆ రోజుల్లో సాళ్ళ మధ్య రాలిన పురుగుల్ని చూపించి, ఇంక పత్తికి ఢోకా లేదురా అనేవారు. ఆయన ఒక్కరే కాదు, ఊరంతా అలాగే అనుకుంది.

మొదట తిరగబడింది తెల్లదోమ. 1984-85 సీజనులో గుంటూరు, ప్రకాశం చేలు తెల్లదోమతో జిడ్డోడి నల్లబడ్డాయి. అంతకు ముందు అది పత్తిలో పెద్ద లెక్కలోది కాదు. దాన్ని తినే మిత్రపురుగులు ఉండేవి. పైరిథ్రాయిడ్లు ముందు వాటిని తుడిచిపెట్టాయి. కాపలావాళ్ళు పోయాక దొంగకి ఊరు రాసిచ్చినట్టయింది.

తర్వాత శనగపచ్చ పురుగు. 1987-88 సీజనులో అది కాయలన్నీ తొలిచేసింది. రైతులు పదిహేను, ఇరవై సార్లు మందు కొట్టారు. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి, రెండు పనిచేయకపోతే మూడు కలిపి కొట్టారు. మా పెదనాన్న నోట ఆ ఏడాదంతా ఒకటే మాట: మందులో పస లేదు. కల్తీ మందులు బజార్లో నిజంగానే ఉండేవి కాబట్టి అందరూ కల్తీ అనే అనుకున్నారు. మందు అప్పిచ్చేదీ షాపే, ఏ మందు కొట్టాలో చెప్పేదీ షాపే, పంట కొనేవాడితో మాట్లాడేదీ చాలాచోట్ల షాపే. మందు మంచిదే, పురుగే మారిందని చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ సీజను చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. తెలుగు నేల మీద ఆ వార్త అంత పెద్దయెత్తున చదవడం మాకదే మొదలు.

నిజం తర్వాత తెలిసింది. ఆంధ్ర పత్తి చేలనుంచి తీసుకెళ్ళిన శనగపచ్చ పురుగుల మీద బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ మెకాఫరీ బృందం పరీక్షలు చేసింది. పైరిథ్రాయిడ్లని అవి బలంగా తట్టుకుంటున్నాయని 1989లో ప్రచురించింది. తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి దక్షిణాది పురుగుల్ని పరీక్షించి అదే తేల్చారు. కొన్ని పురుగుల ఒంట్లో మందుని ముక్కలు చేసే ఎంజైములు ఎక్కువ. కొన్నిటి నరాల్లో మందు పట్టుకునే చోటే మారిపోయింది. పైరిథ్రాయిడు దెబ్బకొట్టేది డీడీటీ దెబ్బకొట్టే చోటే. మన చేలల్లో డీడీటీ దశాబ్దాలపాటు వాడాం. కొత్త మందు సీసా మూత తీయకముందే దానికి తాళంచెవి కొన్ని పురుగుల దగ్గర ఉందన్నమాట.

ఇదే పురుగు, ఇదే మందు, ఇంకో దేశంలో ఏమైందో చూడండి. 1983 మొదట్లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఎమరాల్డ్ దగ్గర పత్తిలో పైరిథ్రాయిడ్లు విఫలమయ్యాయి. కొద్ది నెలల్లోనే రైతులూ, శాస్త్రజ్ఞులూ, కంపెనీలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. సీజను మొత్తంలో పైరిథ్రాయిడ్లు కొట్టేది 42 రోజులు మాత్రమే. ఆ గడువుకి ముందూ వెనకా వేరే రకం మందులు. అంటే పురుగు ఒక తరం పైరిథ్రాయిడ్ దెబ్బ తింటే, మిగిలిన తరాలు తినవు. దాంతో తట్టుకునే గుణం పోలేదు గానీ, పెరగడం బాగా నెమ్మదించింది. పైరిథ్రాయిడ్లు ఇంకా చాలా ఏళ్ళు పనికొచ్చాయి. అక్కడ ఒక్కో రైతుకి వందల ఎకరాలు. ప్రాంతంలో రైతులందరూ ఒక హాల్లో పడతారు. మా పల్నాడులో అంతే విస్తీర్ణానికి వేలమంది రైతులు. ఒకడి చేనుకీ ఇంకొకడి చేనుకీ మధ్య ఒక్క గట్టు. చిలకపురుగుకి గట్టు తెలియదు. నేను ఒక్కణ్ణి మందు ఆపితే నా చేను పోతుంది, పురుగు మాత్రం మారదు.

ఇది ఎవరికీ తెలియని విద్యేం కాదు. ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైలెక్కితే ముప్పావు గంటలో వచ్చే బర్కిలీ ఈ విద్యకి పెద్ద బడి. వెర్నన్ స్టెర్న్, రే స్మిత్, రాబర్ట్ వాన్ డెన్ బాష్, కెన్నెత్ హేగన్ అనే నలుగురు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1959లో ఒక దీర్ఘ వ్యాసం రాశారు. కాలిఫోర్నియా పశుగ్రాసపు చేలల్లో పేనుబంక మందులకి లొంగకుండా పోయినప్పుడు నేర్చుకున్న పాఠమది. పురుగు కనబడగానే మందు కొట్టకండి. అది చేసే నష్టం మందు ఖర్చుని దాటబోతున్నప్పుడే కొట్టండి. మిత్రపురుగుల్ని చంపని మందునే ఎంచుకోండి. కొంత పురుగు చేలో ఉండటం తప్పు కాదు, అవసరం. ఇవాళ మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సమగ్ర సస్యరక్షణ అని చెప్పేది ఇదే. 1959లో అచ్చయిన మాట 1987లో మా ఊరికి చేరలేదు. పైరిథ్రాయిడు మాత్రం చేరింది.

గుంటూరులో దెబ్బతిన్న రైతులు కొందరు పత్తితో పాటు వలసపోయారు. రాయచూరు వైపు, వరంగల్, ఆదిలాబాద్ వైపు భూములు కౌలుకి తీసుకున్నారు, కొన్నారు. అదే మందుల పద్ధతి కూడా వాళ్ళతో వెళ్ళింది. 1990లలో దేశం మొత్తం సాగుభూమిలో పత్తి వాటా నూటికి అయిదు, దేశంలో వాడిన పురుగుమందుల్లో దాని వాటా దాదాపు సగం. 1997-98లో వరంగల్ జిల్లాలో అకాల వానలు, లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కలిసొచ్చాయి. గుంటూరు, ప్రకాశంలో పదేళ్ళ కిందట జరిగింది అక్కడ ఇంకా పెద్దగా జరిగింది. ఆత్మహత్యలు వందల్లో చేరాయి. అప్పుల గురించీ, వడ్డీల గురించీ, ధరల గురించీ చాలా రాశారు. రాయాల్సిందే. కానీ ఆ అప్పులో పెద్ద భాగం పనిచేయని మందు ఖరీదని, ఆ మందు ఎందుకు పనిచేయలేదో చెప్పే శాస్త్రం అప్పటికి ఎనభై ఏళ్ళ పాతదని రాసినవాళ్ళు తక్కువ.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువుని పత్తిలో పెట్టారు. ఆ మొక్కని కొరికిన కాయతొలుచు పురుగు చస్తుంది. 2006లో రెండు జన్యువులున్న రెండో రకం వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టుబట్టి ప్యాకెట్ ధర 750 రూపాయలకి దించింది. పదేళ్ళలో దేశంలో పత్తి దాదాపు అంతా బీటీయే అయిపోయింది. మొదటి ఏళ్ళలో మందుల ఖర్చు నిజంగానే తగ్గింది. ఆ మేలుని కాదనను.

ఆ ప్యాకెట్‌లో ఇంకో చిన్న ప్యాకెట్ ఉండేది. పెద్దది 450 గ్రాముల బీటీ గింజలు, చిన్నది 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ అయిదు సాళ్ళు గానీ, చేలో అయిదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలని నిబంధన. రెఫ్యూజియా అన్నారు దాన్ని. అంటే పురుగుకి ఆశ్రయం. మెలాండర్ ఆలోచన ఇదే. తొంభై ఏళ్ళ తర్వాత అది చట్టమై, గింజల ప్యాకెట్‌లోకి వచ్చి కూర్చుంది. చాలామంది రైతులు ఆ చిన్న ప్యాకెట్‌ని పారేశారు.

ఎందుకు పారేశారని అడిగితే 'మన రైతుకి అవగాహన లేదు' అని సభల్లో తేలిగ్గా చెప్పేస్తారు. నాకు ఆ జవాబు నచ్చదు. అయిదెకరాలు కౌలుకి తీసుకున్న మనిషిని ఒక ఎకరం పురుగుకి వదలమన్నాం. ఆ ఎకరానికి కౌలు తగ్గదు. దాని మీద అప్పుకి వడ్డీ ఆగదు. ఆ మామూలు గింజ మంచి రకమో కాదో, మొలుస్తుందో లేదో తెలియదు. ఇక ఆ ఎకరం వదిలినందువల్ల వచ్చే మేలు? అది పక్క రైతుకీ, పక్క మండలానికీ, పదేళ్ళ తర్వాతి పంటకీ. అందరి మేలు కోసం చేసే ఖర్చుని ఊళ్ళో అందరికన్నా బీదవాడి నెత్తిన పెట్టాం. నష్టపరిహారం లేదు, బీమా లేదు. ఒక్క చిన్న ప్యాకెట్ ఇచ్చి ఊరుకున్నాం.

శనగపచ్చ పురుగు ఇప్పటికీ బీటీని పెద్దగా ఓడించలేదు. కారణం మనం చేసిందేమీ కాదు. అది శనగ తింటుంది, కంది తింటుంది, టమాటా తింటుంది. ఆ చేలన్నీ దానికి సహజమైన ఆశ్రయాలు. గులాబీ రంగు పురుగు అలా కాదు. దానికి పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు. దేశంలో పత్తంతా బీటీ అయితే దానికి తట్టుకోవడం తప్ప గతి లేదు. 2010లో గుజరాత్ పురుగులు మొదటి జన్యువుని తట్టుకున్నాయని ప్రకటన వచ్చింది. తర్వాత అయిదారేళ్ళలో రెండోదీ పోయింది. 2015లో గుజరాత్, 2017లో మహారాష్ట్ర, తెలంగాణ చేలు గట్టిగా దెబ్బతిన్నాయి. ఆ 2017లోనే, ఆదిలాబాద్ పక్కనున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఒంటికెక్కి ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్ళలో కూలివాళ్ళున్నారు. చేను వాళ్ళది కాదు, పురుగూ వాళ్ళది కాదు.

మరి అమెరికాలో అదే గులాబీ పురుగు ఏమైంది? 2018 అక్టోబరులో, దేశంలోని పత్తి పండే ప్రాంతాల్లో అది నిర్మూలమైందని ప్రభుత్వం ప్రకటించింది. అరిజోనాలో 1996లో బీటీ పత్తి వచ్చింది. దాదాపు పదేళ్ళపాటు అక్కడ రైతులు మామూలు పత్తిని ఆశ్రయంగా వేశారు. పురుగు తట్టుకోలేదు. తర్వాత సంతానం కలగని చిలకపురుగుల్ని కోట్లలో పెంచి, విమానాల్లోంచి చేల మీద వదిలారు. మా కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయలో ఈ పద్ధతి 1968 నుంచీ ఉంది. దాని ఖర్చుకి పత్తి రైతులు బేలుకింతని తమలో తామే వసూలు చేసుకున్నారు. అమెరికా రైతు మనకన్నా తెలివైనవాడని దీని అర్థం కాదు. అతనికి భూమి పెద్దది. పురుగుకి వదిలిన వాటాని భరించే శక్తి అతనికుంది. మిగతా ఖర్చుని పంచుకునే సంఘముంది, ప్రభుత్వముంది. జన్యువు ఒకటే. పంచుకునే ఏర్పాటులోనే తేడా.

మన దగ్గర అలాంటి ఏర్పాటు అసాధ్యమనుకుంటే అదీ నిజం కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరుంది. అక్కడి పత్తి, మిరప రైతులు కొద్దిమందితో మొదలుపెట్టి 2004 నాటికి ఊరు ఊరంతా రసాయన పురుగుమందులు మానేశారు. వేసవిలో లోతు దుక్కులు, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరలు, చేను గట్ల మీద ఆముదం, బంతి. ఆముదం ఆకు మీదికి లద్దెపురుగు గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ ఆకులు తుంచి పారేస్తే సరి. ఇవేవీ కొత్తవి కావు. కొత్తది ఏమిటంటే, ఊరు కలిసి నిర్ణయం చేసింది. ఒక్కడు ఆపితే చేను పోతుంది, ఊరు ఆపితే మిత్రపురుగులు తిరిగొస్తాయి. తర్వాత మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి రాష్ట్రమంతా కొన్ని లక్షల ఎకరాలకి పాకింది. అన్ని చోట్లా నిలబడిందని చెప్పను. అయితే పల్నాడు లాంటి చిన్న కమతాల చోట రైతులు కలవలేరన్న మాట అబద్ధమని చూపించింది.

ఇప్పుడు మా వైపు పత్తి తగ్గి మిరప ఎక్కువైంది. 2021లో మిరప పూత మీద నల్ల తామర పురుగు దిగింది. ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన కొత్త పురుగు. పొలుసు పురుగు న్యూజెర్సీకి వెళ్ళినట్టే, ఇది కూడా ఎవరికీ చెప్పకుండా మనుషుల సరుకుతో పాటు వచ్చి ఉండాలి. మా పెదనాన్న ఇప్పుడు లేరు. ఆయన మనవడు మిరప వేస్తాడు. ఆ ఏడాది వాడు ఫోన్ చేసి, వారానికి రెండుసార్లు కొడుతున్నాను బాబాయ్, మందులో పస లేదు అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ తర్వాత అదే ఇంట్లోంచి అదే వాక్యం. వాడికి నేను మెలాండర్ గురించి చెప్పలేదు. పక్క చేల వాళ్ళు ఏం కొడుతున్నారో తెలుసా అని అడిగాను. ఎవరిది వాళ్ళదే అన్నాడు. కనీసం మీ గట్టుకి చుట్టూ ఉన్న నలుగురూ కూర్చుని, ఏ వారం ఏ రకం మందు కొట్టాలో, ఏ వారం ఎవరూ కొట్టకూడదో ఒక మాట అనుకోండిరా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, నలుగురిలో ముగ్గురం కౌలుకి చేస్తున్నవాళ్ళమే బాబాయ్, వచ్చే ఏడాది ఎవరు ఏ చేలో ఉంటామో మాకే తెలియదు అన్నాడు.

పురుగుకి ఆ ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది కూడా అది అదే చేలో ఉంటుంది.